‘నిలవ కబురు’ అంటే తప్పా?

గ్రూపులో పెద్దలకి నమస్కారం. మాది నరసాపురం, చేసేది సర్వర్ల పని, ఇంట్లోంచే. కొత్తగా చేరిన పిల్లల కోసం డీఎన్ఎస్ (సైటు పేరుని బట్టి మెషీన్ నంబరు చెప్పే ఏర్పాటు) గురించి తెలుగులో నాలుగు పేజీలు రాద్దామని కూర్చుని ‘టైమ్ టు లివ్’ దగ్గర ఆగిపోయాను. ఎవరో ఇదివరకే ‘జీవించు సమయం’ అని రాసిపెట్టారు, చదివితే ఐసీయూలో పేషెంటు గుర్తొస్తున్నాడు.

సంగతేంటంటే, బ్రౌజర్లో ఒక పేరు కొట్టగానే ఆ పేరుగల మెషీన్ నంబరు కనుక్కోవాలి. మనకోసం రిజాల్వర్ అనేది తిరుగుతుంది: రూట్ సర్వర్‌ని అడిగితే ‘డాట్ ఇన్’ వాళ్ళని అడగమంటుంది, వాళ్ళు ఆ పేరు ఎవరి చేతిలో ఉందో చెప్తారు, చివరికి అక్కడ నంబరు దొరుకుతుంది. ప్రతిసారీ ఇంత తిరగలేక ఆ జవాబుని కాసేపు దగ్గర పెట్టుకుంటుంది, ఆ పెట్టుకునే చోటే కాష్. ఎంతసేపన్నది జవాబుతో పాటే సెకన్లలో వస్తుంది. 300 అంటే ఐదు నిమిషాలు, 86400 అంటే ఒక రోజు. అదే టైమ్ టు లివ్, పొట్టిగా టీటీఎల్.

మా రేవులో ఇది చూస్తూనే ఉంటాం. సఖినేటిపల్లి వెళ్ళడానికి వశిష్ఠ గోదావరి మీద పంటు పడవ ఉంది కదా. ఎర్రనీరొచ్చి వరద పెరిగితే పంటు ఆపేస్తారు, ఇక చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి పోవాల్సిందే. దారిలో బడ్డీకొట్టాయన్ని అడిగితే ‘తిరుగుతోందండి’ అంటాడు, పొద్దున్న ఎవరో చెప్పి వెళ్ళిన కబురది. తీరా రేవుకెళ్తే పంటు తాళ్ళతో కట్టేసి ఉంటుంది. ఆయన అబద్ధమాడలేదు, నిలవ కబురు చెప్పాడు. అందుకే కాష్‌లో ఉన్నదాన్ని ‘నిలవ కబురు’, టీటీఎల్‌ని ‘నిలవ గడువు’ అందామనుకుంటున్నా. ఏమంటారు?

జవాబు: ‘నిలవ’ వద్దండి. నిలవ చేప, నిలవ సరుకు, అన్నీ పాడైన వాటికే వాడతాం. కాష్‌లో ఉన్నది మంచి జవాబే కదా.

జవాబు: మరి నిలవ పచ్చడో? ఏడాది నిలవుండే మాగాయని పాడైందంటే మా అత్తగారు ఊరుకోరు. ‘నిలుచు’ నుంచి నిలువ, అది మన నోట్లో నిలవ, పేపర్లో నిల్వ. చెడు మాటలో లేదండీ, పక్కన చేప పెట్టారా పచ్చడి పెట్టారా అన్నదాంట్లో ఉంది.

నరసాపురం: నాక్కావలసింది ఆ రెండర్థాలూనండి. గడువు లోపల పచ్చడి, అసలు సంగతి మారిపోయాక చేప. ఓసారి మా క్లయింటు సైటుని రాత్రికి రాత్రి కొత్త సర్వర్‌కి మార్చాం, టీటీఎల్ 86400 అలాగే వదిలేశాం. మర్నాడు సాయంత్రం దాకా కొందరు కొత్తదానికీ కొందరు పాతదానికీ వెళ్ళారు, ఆర్డర్లు రెండు చోట్ల పడ్డాయి, టెన్షన్‌తో నాకు అన్నం దిగలేదు. ఒక రోజు ముందే దాన్ని 300కి తగ్గించి ఉంటే ఐదు నిమిషాల్లో పోయేది.

జవాబు: కాలువ లాకుల మీద పనిచేసిన ఇంటివాణ్ణి, ఒక మాట. రౌటింగ్‌ని, అంటే వచ్చేవాళ్ళలో ఎవర్ని ఏ సర్వర్‌కి పంపాలన్నదాన్ని, ‘మళ్ళింపు’ అని రాయకండి, అర్ధరాత్రి పక్కవాడి బోదెకి గండి కొట్టినట్టుంటుంది. దాళ్వాకి నీళ్ళు చాలనప్పుడు కాలువలకి వంతులవారీగా ఇస్తారు కదా, ‘వంతు’ అనండి. డీఎన్ఎస్సే లాకు, ఎటు వదలాలో అది చూసుకుంటుంది.

నరసాపురం: ‘వంతు’ తీసేసుకున్నానండి! నూటికి పది మందిని కొత్త సర్వర్‌కి, తొంభై మందిని పాతదానికి పంపడం అచ్చంగా వంతు లెక్కే. లాకు పోలికకి మాత్రం ఒప్పుకోను బాబాయ్ గారూ. లాకులోంచి నీళ్ళు పోతాయి, డీఎన్ఎస్‌లోంచి డేటా పోదు, అది దారి చెప్పి ఊరుకుంటుంది, నడవాల్సింది మనమే. అమెజాన్ వాళ్ళ డీఎన్ఎస్ సేవ రూట్ 53 ఉందనుకోండి (డీఎన్ఎస్ పోర్టు నంబరు 53, పేరు అందుకే), మామూలుగా 30 సెకన్లకోసారి సర్వర్‌ని పలకరిస్తుంది, వరసగా మూడుసార్లు పలక్కపోతే పడిపోయిందని తేల్చుకుని రెండోదాని నంబరు చెప్పడం మొదలెడుతుంది. అంటే పంటు ఆగింది, చించినాడ మీంచి వెళ్ళండి అనడం. అయినా నిలవ కబురు పట్టుకున్నవాళ్ళు గడువు తీరేదాకా రేవుకే వస్తారు, అందుకే ఇలాంటి చోట గడువు 60 సెకన్లో అంతకన్నా తక్కువో పెట్టుకుంటాం.

జవాబు: ఒట్టి ‘గడువు’ చాలదా?

నరసాపురం: కరెంటు బిల్లు గుర్తొస్తోందండి.

జవాబు: సరే, ఇంకో చిక్కు. అసలు సర్వర్ ఎంతకీ పలక్కపోతే, గడువు దాటిన జవాబునే రిజాల్వర్ ఇవ్వొచ్చని 2020లో ప్రమాణంగా రాశారు, ఏమీ లేకపోవడం కన్నా నయమని. అది నిలవ కూడా కాదు. దాన్నేమంటారు?

జవాబు (మాగాయ గారిదే): చద్ది కబురు.