నాటకానికి యూనివర్సిటీ ఎందుకు, భారతం మిట్ట చాలదా?

తిరుచానూరు అమ్మ:
పాప బీకాం అయిపోయింది. ఎంబీఏలో చేర్పిద్దామని వాళ్ళ నాయన. అదేమో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ చేస్తానంటాంది, రెండేళ్ళు. కాలేజీ వార్షికోత్సవాల్లో రెండు నాటకాలు ఆడింది, యాంకరింగ్ చేసింది, అంతే దాని అనుభవం. నిన్న రాత్రి అన్నాల దగ్గర వాళ్ళ నాయన "మాట్లాడేదానికి, ఏడిచేదానికి యూనివర్సిటీ దేనికి? మా ఊర్లో భారతం ఆడేవాళ్ళు ఏ పీజీ చదివినారు?" అన్నాడు. నాకు నోట మాట రాలా. మీరు చెప్పండి. డబ్బు సంగతి, పెళ్ళి సంగతి మాత్రం ఎత్తొద్దండి. అవి ఇంట్లో చాలినంత అయినాయి.

మామిడితోపు:
అన్న అడిగిందాంట్లో తప్పేముంది అక్కా? ఎండాకాలం మన పక్క ఏ ద్రౌపది గుడి దగ్గరుండే భారతం మిట్టకైనా పొండి. పద్దెనిమిది దినాలు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు పద్యం పాడతా తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు విసరతాడు. పిల్లలు లేని ఆడోళ్ళు సంతానం కోసం కింద తడిబట్టలతో పడుకొని ఉంటారు. ఆ పొద్దు అతను అర్జునుడే, వేషగాడు కాదు. దీన్ని ఏ క్లాసురూములో నేర్పిస్తారు? తిరుపతి గంగ జాతరలో బండ వేషం వేసుకున్నోడు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఒక్కోరకంగా తిడతా పోతాడు. స్క్రిప్టు ఎవరు రాసిచ్చినారు?

బైపాస్ రోడ్డు:
సినిమా పిచ్చి అక్కా. ఆర్నెల్లు ఆగండి, అదే పోతుంది.

తిరుచానూరు అమ్మ:
మూడేళ్ళు ఆగినాను నాయనా. పోలా.

దుర్యోధనుడు (రిటైర్డ్):
మామిడితోపు తమ్ముడు చెప్పిందంతా నిజం. పదిహేడేళ్ళు భారతంలో దుర్యోధనుడు వేసినాను కాబట్టి మిగతాది కూడా నేనే చెప్పాల.

మా గురువు పద్యం నేర్పించినాడు, రాగం నేర్పించినాడు, అడుగు నేర్పించినాడు. గొంతు ఎట్ల కాపాడుకోవాల్నో నేర్పించలేదు, ఆయనకీ ఎవరూ చెప్పలా. రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారే దాకా ఆట. గొంతు కమ్మితే మిరియాల కషాయం, ఇంకా కమ్మితే ఇంకా గట్టిగా అరవడం. నలబై రెండో ఏట "ఏమంటివి" అనబోతే గాలి మాత్రమే వచ్చింది. డాక్టరు లోపల అద్దం పెట్టి చూసి స్వరతంత్రుల మీద బుడిపెలుండాయన్నాడు, రెండు పక్కలా, చేతులకు కాయలు కాసినట్ల. గొంతు శిక్షణ ఇచ్చే ఒకమ్మాయి దగ్గరికి పంపినాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద పుస్తకం పెట్టి, అది లేచి దిగేటట్ల ఊపిరి తియ్యమంది. ఎదకు తీసుకుంటే భుజాలు లేస్తాయి, మెడ బిగుస్తుంది, గొంతు రాపిడి పడుతుంది. నేను పదిహేడేళ్ళు చేసింది అదే! ఇంకొకటి: అరచెయ్యి నోటి ముందర పెట్టుకొని "ప" అను, "ఫ" అను. రెండోదానికి చేతికి గాలి కొడుతుంది. మన పద్యాల్లో అట్ల ఒత్తి పలికే భీములూ ధనువులూ ఘోరాలూ ఎన్నుండాయో లెక్కపెట్టుకో. గాలి ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ దాచుకోవాలో తెలీకపోతే పాదం కడపట గొంతును పిసకాల్సిందే.

నెలకంతా ఇవన్నీ చెప్పింది. మొదటి ఏడే నాకు ఇవి ఎవరైనా చెప్పుంటే ఇంకో పదేళ్ళు తొడ కొట్టుకొని ఉండేవాణ్ణి.

మూడో వరుస:
నేను థియేటర్ పీజీ చేసినోణ్ణే. నేర్పేది వాచికం, అంటే మాట పలికేది, ఒక్కటే కాదు. లైటింగు, సెట్టు, మేకప్పు, దర్శకత్వం, నాటక చరిత్ర అన్నీ ఉంటాయి. నాట్యశాస్త్రం చెప్పే ఆంగికం (ఒళ్ళు), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) పరీక్షకు బట్టీ పట్టి, రిహార్సల్లో మళ్ళా మొదటినుంచి నేర్చుకున్నాము.

అన్నీ మంచివే చెప్తే అబద్ధమవుతుంది. మా ప్రదర్శనలు చిన్న హాల్లో, చీకట్లో. వచ్చినోళ్ళు నాటకం కోసమే వచ్చినోళ్ళు, దగ్గడానికి కూడా మొహమాటపడతారు. చదువైపోయినాక ఊర్లో మొదటి ఆట ఆడితే మూడో వరుస దాటి వినపళ్ళేదు. నా పేరు అప్పటినుంచే ఇది. పిల్లోళ్ళు ఏడుస్తాండారు, బొరుగులమ్మేవాడు అరస్తాండాడు, ఒక పెద్దాయన లేచి "గట్టిగా, సామీ" అన్నాడు. అది ఏ సెమిస్టరులోనూ రాలా. ఇప్పుడు బడిలో పిల్లోళ్ళకు నాటకం చెప్తాండాను, జీతం మా ఇంజినీరు తమ్ముడికంటే తక్కువ. అడక్కముందే చెప్పేస్తున్నా.

చిత్తూరు గాంధీరోడ్డు:
నా భయం వేరే. ఇట్లాంటి చదువు చదివొస్తే ముందు పోయేది మన యాస. మా అబ్బాయికి ఆఫీసులో మాట్లాడేదానికి ట్రైనింగ్ ఇచ్చినారు. ఇప్పుడు ఇంటికొచ్చి "ఉండాది" అనేది పోయి "ఉందమ్మా" అంటాడు. మా అమ్మ "ఎవురబ్బా వీడు" అంటాది.

మూడో వరుస:
మాకు యాస తీసెయ్యమని ఎవరూ చెప్పలేదన్నా. ఏ పాత్రకు ఏ యాస అని అడిగినారు. చిత్తూరు యాసలో మాట్లాడే పాత్ర వస్తే క్లాసంతా నా చుట్టూ తిరిగింది.

అలిపిరి మెట్లు:
ఇంతమంది అన్నలు ఇంతసేపు మాట్లాడినారు, ఒక్కరికీ తట్టలేదే. భారతం మిట్ట చాలు అంటున్నారు సరే, ఆ మిట్ట మీద ఆడపిల్లకు నేర్పించింది ఎవరు? మా చిన్నప్పుడు మా ఊర్లో ద్రౌపది వేషానికి కూడా మీసం తీసేసుకొచ్చినాయనే. జాతరలోనూ చీర కట్టేది మగోళ్ళే. సురభి నాటకాల వాళ్ళ సంగతి వేరే, 1885లో కడప పక్క కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబం. అక్కడ పుట్టిన పిల్ల తెర వెనక ఉయ్యాల్లోనే నేర్చుకుంటుంది. తిరుచానూరులో బీకాం చదివిన పిల్ల ఏ ఇంటి తెర వెనక పుట్టింది? దానికుండే గురుకులం ఆ యూనివర్సిటీనే. మామిడితోపు తమ్ముడూ, మీ ఊరి మేళంలో పోయినేడు ఎంతమంది ఆడపిల్లల్ని చేర్చుకున్నారు?

మామిడితోపు:
ఎవరూ లేరక్కా. ఇద్దరు స్త్రీ పాత్రధారుల్ని బయటినుంచి పిలిపించినాము, వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో అడగలేదు. అయినా నా మాట నాదే. పీజీకి పోయే ముందు ఒక్క ఎండాకాలం ఇక్కడ రాత్రంతా కూర్చోమనండి.

తిరుచానూరు అమ్మ:
అన్నీ వాళ్ళ నాయనకు చదివి వినిపించినాను. యాస సంగతికి నవ్వినాడు. అలిపిరి అక్క మాటకు ఏమీ అనలా, లేచిపోయి మంచినీళ్ళు తాగొచ్చినాడు. మళ్ళా కూర్చొని "ఆ దుర్యోధనుడికి ఇప్పుడు గొంతెట్లుందో అడుగు" అన్నాడు. అడుగుతున్నాను అన్నా.

దుర్యోధనుడు (రిటైర్డ్):
మాట వస్తాది తల్లీ. పద్యం ఎత్తుకుంటే సగంలో ఆగిపోతాది. పాపను ఒకసారి ఫోన్ చెయ్యమను, పొద్దున పూట. సాయంత్రమైతే నా గొంతు దానికి అర్థం కాదు.