యాన్ తియెర్సెన్: ‘అమెలీ’ ఒక్కటే తెలుసు, ఇంకేం వినాలి?

నెల్లూరోడు, వేళచ్చేరి:
అందరికీ నమస్తే. నాకు నలభై ఒకటి. పాప కోసం కొన్న కీబోర్డు పాప వదిలేసింది, నేను పట్టుకున్నాను. ఎనిమిది నెలలు కుస్తీ పడితే ‘అమెలీ’ అనే ఫ్రెంచ్ సినిమాలో యాన్ తియెర్సెన్ చేసిన ఆ పియానో బిట్ వచ్చింది. మొత్తం కలిపి రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. ఎడమ చేతికి నాలుగే కార్డులు (స్వరాల గుంపులు): ఈ మైనర్, జి, బి మైనర్, డి. మొదట్నుంచి చివరిదాకా అవే తిరుగుతుంటాయి. ఇంతేనా అనుకున్నాను. కుడి చెయ్యి పరుగందుకోగానే ఎడమ చెయ్యి కూడా దాని వెనకే పరిగెత్తేది, అక్కడే మూడు నెలలు పోయాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తాను కాబట్టి సంగీతం నాకు, మీటల టకటకలు మా ఆవిడకి. "ఇంట్లో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారా?" అంటుంది.

సరే, అసలు ప్రశ్న. ఈయన్ని అందరూ ఫిల్మ్ కంపోజర్ అంటారు. వెతికితే సినిమాలు చాలా తక్కువ కనిపిస్తున్నాయి. 2021లో వచ్చిన ‘కెర్బర్’ ఆల్బమ్ పెడితే పియానో చుట్టూ ఏవో ఎలక్ట్రానిక్ శబ్దాలు. ఈయనా ఆయనా ఒకరేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జయ, అన్నానగర్:
‘గుడ్ బై లెనిన్’ సినిమా చూడండి, 2003. దానికీ సంగీతం ఈయనదే, చెయ్యి ఇట్టే గుర్తుపడతారు.

కీబోర్డు మాస్టర్, సాలిగ్రామం:
ఒకరే తమ్ముడూ. కాకపోతే ‘ఫిల్మ్ కంపోజర్’ అనే ముద్ర దగ్గరే తిరకాసుంది. పాతికేళ్లుగా ఇక్కడ ఆర్.ఆర్. (సినిమా నేపథ్య సంగీతం) సెషన్లకి వాయిస్తున్నాను. మన దగ్గర పని ఎలాగంటే, ఎదురుగా తెర మీద సీను నడుస్తుంటుంది, హీరోయిన్ తల తిప్పడానికి నాలుగు సెకన్లయితే నాలుగు సెకన్ల బిట్టే. అయిదో సెకను వాయిస్తే తిట్లు.

‘అమెలీ’ సంగతి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. దర్శకుడు జూనే కారులో వెళ్తుంటే యూనిట్‌లో ఒకరు తియెర్సెన్ సీడీ పెట్టారు. ఆయనకి నచ్చేసింది. సినిమాలో ఎక్కువ భాగం అంతకుముందు వచ్చిన ఆల్బమ్‌లలోవే, కొన్ని మాత్రం కొత్తగా చేశారు. అంటే పాటలు ముందు, సీన్లు తర్వాత. దానికే 2002లో ఫ్రెంచ్ సినిమా వాళ్లిచ్చే సెజార్ అవార్డు. నేను మాత్రం ఆయన్ని సినిమావాడి లెక్కలో వెయ్యను.

పుట్టింది 1970లో, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లో. పెరిగింది అక్కడే రెన్ అనే ఊళ్లో. చిన్నప్పుడే పియానో, వయొలిన్, శాస్త్రీయంగా. కుర్రాడయ్యాక అవన్నీ పక్కన పడేసి గిటారు, రాక్ బ్యాండ్, శాంప్లర్ (రికార్డయిన శబ్దాల్ని ముక్కలుగా తీసి వాయించే ఎలక్ట్రానిక్ పెట్టె)! పాత రికార్డుల్లోంచి వయొలిన్ ముక్కలు ఏరుకుంటూ కూర్చుని, నాకే వయొలిన్ వచ్చు కదా, ఈ వెతుకులాటేంటి అనుకున్నాడట. 1993 వేసవిలో గదిలో ఒంటరిగా గిటారు, వయొలిన్, అకార్డియన్ పెట్టుకుని నలభైకి పైగా ట్రాకులు రికార్డు చేశాడు. 1995, 96లో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లు చాలావరకు అవే. కాబట్టి ఎలక్ట్రానిక్ ఆయనకి కొత్తగా పట్టిన పిచ్చి కాదు, పాత ఇల్లే.

నువ్వు ‘ల ఫార్’తో మొదలుపెట్టు, 1998ది. ఫార్ అంటే లైట్‌హౌస్. ఫ్రాన్స్ పడమటి తీరాన ఊసాన్ అనే దీవిలో ఇల్లు అద్దెకి తీసుకుని రెండు నెలలు ఉండి చేశాడు, రోజూ రాత్రి అక్కడి లైట్‌హౌస్ వెలగడం చూస్తూ. తర్వాత కాపురమే అక్కడికి మార్చేశాడు. పాత డిస్కోథెక్‌ను స్టూడియో చేసుకున్నాడు. 2016 నాటి ‘ఎయుసా’ ఆల్బమ్ ఆ దీవి పేరే, అక్కడి బ్రెటన్ భాషలో. దీవిలో పది చోట్లకి పది పియానో ముక్కలు. నీ చేతికి అవి పనికొస్తాయి. అవయ్యాక ‘కెర్బర్’కి మళ్లీ రా, అప్పుడు వేరేగా వినిపిస్తుంది.

ఎడమ చెయ్యి సంగతి: వారం రోజులు కుడి చెయ్యి ముట్టుకోకు. మెట్రోనోమ్ (తాళం టిక్కుటిక్కుమని కొట్టే యంత్రం) పెట్టి ఎడమ చేత్తో వాయిస్తూ ఇంట్లోవాళ్లతో కబుర్లు చెప్పు. మాట తడబడకుండా వచ్చిన రోజు కుడి చెయ్యి కలుపు.

రాగాలపిచ్చి, మైలాపూర్:
ఆ ‘అమెలీ’ ముక్కలో స్వరాలన్నీ నటభైరవి రాగంలోవే. మా పాటల మాస్టారికి వినిపిస్తే "గమకం లేదు, అయినా బాగుంది" అన్నారు. ఆయన నోట ‘బాగుంది’ రావడం నేను వినడం రెండోసారి.

నెల్లూరోడు, వేళచ్చేరి:
మాస్టర్‌గారూ, చాలా థాంక్సండి. శనివారం రాత్రి మెరీనాలో లైట్‌హౌస్‌కి ఎదురుగా బైకు ఆపి ‘ల ఫార్’ మొత్తం విన్నాను. బజ్జీల బండి జనరేటరు మోత ఒకటి కలిసింది, పర్లేదు.

ఎడమ చేత్తో వాయిస్తూ మాట్లాడటం మాత్రం ఘోరం. "పాలు తెచ్చారా?" అని అడిగితే నోట "జి" అని వచ్చింది.

ఇంకోటి. ఈయన వాయించే వాటిలో ఆటబొమ్మ పియానో, మెలోడికా (నోటితో ఊదుతూ మీటలు నొక్కేది)తో పాటు టైపు మిషను కూడా ఉందని చదివాను. పరిగెత్తుకెళ్లి మా ఆవిడకి చూపించాను. "ఆయనకి అవార్డిచ్చారు. మీకు కింద ఫ్లాట్‌వాళ్లు ఇస్తారు" అంది.