అప్‌డేట్: మా అమ్మాయి కథల్లో పాత్రలు ఇప్పుడు మాట్లాడుతున్నాయి

పదేళ్ల మా అమ్మాయి రాసే కథల్లో పాత్రలన్నీ ఒకేలా ఉంటున్నాయని, "మంచి అబ్బాయి, అందమైన అమ్మాయి" దాటి ముందుకు పోవట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది. ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను.

బాగా పనిచేసిన సలహా: "ఈ పాత్రకి ఏం కావాలి? దేనికి భయం?" అని రాయకముందే అడగడం. కథలో కుర్రాడికి చీకటంటే భయం, కానీ తప్పిపోయిన కుక్కపిల్లని వెతకాలి. ఇక "ధైర్యవంతుడు" అన్న మాటే అక్కర్లేకపోయింది. వాడు టార్చి బ్యాటరీలు తీసి మళ్లీ పెడతాడు, గట్టిగా పాడుకుంటూ మెట్లు దిగుతాడు. ఇవన్నీ తనకే తట్టాయి. చదువుతుంటే ఎంత సంతోషమేసిందో!

వాళ్ల తెలుగు టీచర్ కథ చూసి, సంభాషణల్ని పైకి చదివించమన్నారు. పేర్లు మూసేసినా ఎవరి మాటో తెలియాలట. దాంతో అమ్మమ్మ మాటతీరు, మనవడి మాటతీరు విడిపోయాయి.

ఎత్తు, కళ్ల రంగు, ఇష్టమైన రంగు నింపే పట్టిక మాత్రం మాకు ఉపయోగపడలేదు. అందులో రాసినవేవీ కథలోకి రాలేదు. విశేషణాల జాబితా కూడా అంతే. ముందు పాత్ర బొమ్మ గీయమన్న సలహా ఇంకా ప్రయత్నించలేదు.