‘రెండంచుల కత్తి’ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

మన గుంపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: ‘ఇంగ్లిష్‌లో డబుల్ ఎడ్జ్‌డ్ సోర్డ్ అంటారు కదా, దాన్ని తెలుగు వాక్యాల్లో ఎట్లా వాడాలి?’ కింద తలా ఒకటి చెప్పారు. అడకత్తెరలో పోకచెక్క అని ఒకరు, ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఒకరు, ‘ఒకందుకు మంచిదే అయింది’ అని ఇంకొకరు. మూడూ మంచి మాటలే. కానీ ఒక్కటీ ఇక్కడ అతకదు. హన్మకొండలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను, ఏటా ఇదే పొరపాటు దిద్దుతుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పోకచెక్క, నుయ్యీ గొయ్యీ మనిషి ఇరుక్కున్న తీరు చెప్తాయి. అందులో మేలు అన్నదే లేదు, ఎటు కదిలినా దెబ్బే. కత్తి మాట అట్లా కాదు, అది మేలూ కీడూ రెండూ చేసే వస్తువు గుణం చెప్తుంది. అందుకే ‘నేను రెండంచుల కత్తిలో ఉన్నాను’ అని రాస్తే తప్పు. ‘ఈ అప్పు రెండంచుల కత్తి’ అంటే సరి.

‘ఒకందుకు మంచిదే అయింది’ అన్నది వేరే ఇంగ్లిష్ జాతీయానికి జోడి. బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్ అంటారే, దానికి. ముందు చెడ్డగా కనబడి తర్వాత మేలుగా తేలేది. అర్జునుడికి ఊర్వశి ఇచ్చిన శాపం అట్లాంటిది. విరాటుడి కొలువులో బృహన్నలగా ఏడాది దాక్కోవడానికి ఆ శాపమే అక్కరకొచ్చింది. అక్కడ చెడు ముందు, మేలు వెనక. కత్తికి ఆ వరుస లేదు, రెండంచులూ ఒకేసారి ఉంటాయి.

మరి మిక్స్‌డ్ బ్లెస్సింగ్, అంటే మేలుతోపాటే కీడూ తెచ్చేది? మా వైపు వానను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. దసరా దాటాక గట్టి వాన పడిందనుకోండి. చెరువు మత్తడి దుంకుతుంది, యాసంగి నాటుకు రంది లేదు. అదే వానకు చేనులో పగిలిన పత్తి తడిసి రంగు మారుతుంది. తేమ 12 శాతం దాటితే సర్కారు కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు ముందు తేమ మీటరు వైపే చూస్తాడు. ‘చెరువు నవ్వింది, చేను ఏడ్చింది’ అనేది మా అమ్మ. ఇంతకన్నా మంచి అనువాదం నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ఈ వానను రెండంచుల కత్తి అంటారా? నేననను. వాన వచ్చి పడేది, కత్తి మనం పట్టేది. ఇంగ్లిష్‌లో రెండు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేవాళ్లున్నారు, దాన్ని తప్పు పట్టను. అయినా మనం చేతబట్టి వాడుకునేదానికి కత్తి, మన ప్రమేయం లేకుండా వచ్చేదానికి వరమూ శాపమూ అని పెట్టుకుంటే వాక్యం నిలబడుతుంది. బోరు కత్తి. నేల లోతుల్లోంచి నీళ్లు లాగడమే దాని బలం. ఆ లాగడం వల్లే పక్కవాడి బావి ఎండుతుంది, నాలుగేళ్లకు మన బోరూ ఎండుతుంది. మేలు చేసిన గుణమే కీడు కూడా చేస్తే, అప్పుడు కత్తి మాట వాడండి.

‘అంచు’ గురించి ఒక మాట. అంచు అనగానే మనకు చీర గుర్తొస్తుంది. కత్తి పదును వైపుకు తెలుగులో ‘వాదర’ అనే చక్కని మాట ఉంది, కత్తివాదర అని పాత పుస్తకాల్లో చదివే ఉంటారు. అట్లాగని రెండంచులు తప్పు కాదు. తెలుగు బైబిల్లో హెబ్రీయుల పత్రిక 4:12లో ‘రెండంచులుగల’ ఖడ్గం ఉంది. కానీ అక్కడ అది వాడితనం చెప్పడానికే, పట్టినవాడికి తగలడం గురించి కాదు. వరంగల్ మండిబజార్ వైపు ఉర్దూ మాట్లాడేవాళ్లను అడిగితే దోధారీ తల్వార్ అంటారు. అచ్చంగా మన కథల్లోది కావాలంటే భస్మాసుర హస్తం ఉంది. కాకపోతే అది వరం పొందినవాడే కాలిపోయినప్పటి మాట, మేలు కూడా మిగిలిన చోట పనికిరాదు.

నన్నడిగితే ఈ కత్తి కన్నా పదునైన మాట మన నోట్లో రోజూ ఉంది: మందు. జ్వరానికి మందు, పత్తికి మందు, సాయంత్రం తాగేది మందు, ఎవరో తినేదాంట్లో పెట్టారని భయపడేదీ మందే. మందుపాతరలోనూ అదే మాట. 1997-98లో ఓరుగల్లు జిల్లాలో పత్తికి పురుగు పట్టినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. కొట్టిన కొద్దీ పురుగు మొండికేసింది, అప్పు పెరిగింది. అప్పు తీర్చలేక చాలామంది ఆ మందే తాగి పోయారు. ఇప్పటికీ మా దగ్గర ‘మందు తాగిండు’ అంటే ఏ మందో చెప్పిన గొంతును బట్టే తెలుస్తుంది. ఆ తమ్ముడు వాక్యం అడిగాడు కదా, ఇదిగో: ‘పురుగుమందు రైతుకు రెండంచుల కత్తి.’ ఈ వాక్యంలో నాకు అలంకారం కనబడదు.

కింద ఒక అక్క అడిగారు, ‘ఫోన్ రెండంచుల కత్తి’ అని పిల్లలందరూ రాస్తున్నారు, తప్పా అని. తప్పు కాదక్కా, కానీ ‘ఫోన్‌తో చదువు వస్తుంది, కళ్లు పోతాయి’ అని ఆగితే అవి రెండు వేర్వేరు సంగతులు. ఒక గుణం మీద నిలబెట్టమనండి. ‘ఎక్కడున్నా అందుబాటులో ఉంచడం ఫోన్ గొప్పతనం, అదే రెండంచుల కత్తి: అమ్మ ఫోనూ అందుతుంది, ఆదివారం ఆఫీసు ఫోనూ అందుతుంది.’ ఇట్లా రాస్తే నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.