వ్యాయామం క్లాసులో డబ్బాల అమ్మకం: ఏం చేయాలో పెద్దలు చెప్పగలరు

కాలువగట్టు కోడలు (ప్రశ్న):

మాది పాలకొల్లు దగ్గర ఒక ఊరు. ఆరు నెలల క్రితం మా వీధి చివర కల్యాణ మండపం డాబా మీద, తెల్లవారి అయిదున్నరకు ఆడవారి కోసం ఒక వ్యాయామం క్లాసు మొదలైంది. రుసుము నెలకు 300 రూపాయలే కావడంతో, కాలువగట్టు మీద నడవమంటేనే బద్ధకించే మా అత్తయ్య గారిని నేనే బతిమాలి చేర్పించాను. ఆవిడకు 58 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మొదటి నెల నిజంగానే బాగుంది. పొద్దున్నే లేచి నలుగురితో కలిసి చేతులూ కాళ్లూ ఆడించి, ఇంటికి వచ్చాక ఆవిడ హుషారుగా కబుర్లు చెబుతుంటే మేమందరం సంతోషించాం.

రెండో నెల నుంచి క్లాసులో చివరి పావుగంట తూకానికి పోతోంది. పాదాల కింద లోహపు పలకలుండే యంత్రం మీద ఆవిడను నిలబెట్టి, కొవ్వు ఇంత, కండ ఇంత అని లెక్క చెప్పి, "మీ శరీరం వయసు 74" అని చీటీ మీద రాసిచ్చారు. ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగా తినలేదు. మర్నాడే ఆ 74ను తగ్గించే మార్గమంటూ మూడు డబ్బాలు ఇంటికి వచ్చాయి. ఒకటి ప్రోటీన్ పొడి, ఒకటి టీ పొడి, ఒకటి పీచు మాత్రలు. నెలకు 7,400 రూపాయలు. పొద్దున్న టిఫినూ రాత్రి భోజనమూ మానేసి, ఆ రెండు పూటలా పొడి కలుపుకొని తాగాలన్నది నియమం.

ఆవిడ షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రతో పాటు గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటారు. ఆ సంగతి శిక్షకురాలు అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కిందటి మంగళవారం క్లాసుకు బయలుదేరుతూ గుమ్మం దగ్గరే చెమటలు పట్టి కూలబడ్డారు. మీటరులో చూస్తే షుగరు 54 ఉంది. పంచదార నీళ్లు పట్టిస్తే తేరుకున్నారు. డాక్టరు గారు పొడి వెంటనే ఆపమన్నారు. శిక్షకురాలికి చెబితే మాత్రం, అది ఒంట్లోని విషాలు బయటికి పోతున్న లక్షణమనీ, ఇప్పుడు మానేస్తే మొదటికి వస్తుందనీ జవాబిచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ అమ్మాయి మాకు వరుసకు మేనకోడలు అవుతుంది. డిగ్రీ చదివి, రెండు రోజుల శిక్షణ తీసుకుని ఈ పనిలో దిగింది. క్లాసు ఆగిపోవాలని నాకు లేదు, ఎందుకంటే మా ఊళ్లో ఆడవారికి వ్యాయామం చేసుకునే చోటు మరొకటి లేదు. ఇలా ఆహారం విషయంలో సలహా ఇవ్వడానికి అర్హత ఏదైనా ఉండాలా? ఈ అమ్మకం చట్టబద్ధమేనా? బంధుత్వం చెడకుండా దీన్ని ఆపించే దారి ఉంటే చెప్పగలరు.

పథ్యం గది (జవాబు):

అమ్మా, నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ అత్తగారికి జరిగింది విషాలు పోవడం కాదు, షుగరు పడిపోవడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారిలో ఇది అరుదు. గ్లిమిపిరైడ్ సంగతి వేరు. మనం తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. రాత్రి అన్నం మానేసి, మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకుని, తెల్లవారి ఖాళీ కడుపుతో గంతులు వేయడానికి బయలుదేరితే 54 రావడంలో వింత లేదు. షుగరు 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. మీరు చేసింది సరైన పనే. అయితే స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక "శరీరం వయసు" గురించి. ఆ యంత్రం పాదాల గుండా స్వల్పమైన విద్యుత్తును పంపి, శరీరం దాన్ని ఎంత అడ్డుకుంటుందో చూసి, దాని నుంచి కొవ్వును అంచనా కడుతుంది. ఒంట్లో నీరు ఎంత ఉంది, ఏమి తిన్నారు, చెమట పట్టిందా అన్నదాన్ని బట్టి ఆ అంచనా మారిపోతుంది. శరీరం వయసు అన్న అంకె తయారీదారు పెట్టుకున్న సూత్రం నుంచి వచ్చేదే తప్ప, దాన్ని చూసి ఏ వైద్యుడూ మందు రాయడు. దానికంటే టైలరు దగ్గరి టేపు నమ్మదగినది. మన దేశంలో ఆడవారికి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటకుండా చూసుకోమంటారు.

ప్రోటీన్ లెక్క కూడా చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించిన ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి, నూరు గ్రాముల చేపముక్కలో సుమారు 17 ఉంటాయి, పెద్ద గ్లాసు పాలలో మరో 6 దాకా వస్తాయి, కందిపప్పులోనూ మినపపప్పులోనూ ఉన్నది సరేసరి. బియ్యంలో కూడా నూరు గ్రాములకు ఏడు గ్రాముల వరకు ఉంటుందని చాలామందికి తెలియదు. తణుకు కోడిగుడ్లూ ఆకివీడు చెరువుల చేపలూ దేశమంతా పోతుంటే, ఆ చెరువుగట్ల పక్కనే ఉండే మనం ప్రోటీన్ కోసం డబ్బా కొనుక్కోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పాయి. మన భోజనంలో అసలు లోపం అన్నం కుప్పగా, పప్పూ కూరా నామమాత్రంగా ఉండడం. దాన్ని సరిదిద్దుకోవడానికి కంచంలో పాళ్లు మారిస్తే చాలు, కొత్తగా కొనవలసింది ఏమీ లేదు.

అర్హత గురించి అడిగారు. వ్యాయామం నేర్పడానికి వైద్యులకు ఉన్నట్టుగా తప్పనిసరి లైసెన్సు మన దగ్గర లేదు. శిక్షణ సంస్థలిచ్చే ధ్రువపత్రాలు మాత్రమే ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. యోగాకు ఆయుష్ శాఖ ఆధ్వర్యంలో పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. ఈ పత్రాలలో ఏదీ షుగరు రోగికి పథ్యం రాసే అధికారం ఇవ్వదు. ఏ శిక్షకురాలైనా మొదటి రోజే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి: గుండె జబ్బు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, కీళ్లలో నొప్పి ఉందా అని. అవి అడగకుండానే తూకం యంత్రం ఎక్కించారంటే వారి దృష్టి ఎక్కడ ఉందో తెలిసిపోతోంది.

ఒకప్పటి కోచ్ (జవాబు):

నేను భీమవరంలో రెండేళ్లు ఇదే పని చేసి మానేశాను. ఏ కంపెనీ అన్నది చెప్పను, అన్నీ ఒకలాగే నడుస్తాయి. మాకు ఒక హోటలు హాలులో శని ఆదివారాలు శిక్షణ ఇచ్చారు. అందులో పోషకాహారం గురించి చెప్పింది గంటన్నర. మిగతాదంతా మనుషులను ఎలా పలకరించాలి, "కుదరదండీ" అన్నవారిని మళ్లీ ఎప్పుడు కదపాలి, బరువు తగ్గినవారి ఫొటోలు ఏ వెలుతురులో తీయాలి అన్నదే.

క్లాసుకు రుసుము తక్కువ పెట్టడం దయతో కాదు. తెల్లవారుజామున వరుసగా ఇరవై రోజులు ఎదురుగా నిలబడి "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని హుషారు చేసిన మనిషి మాటను ఇరవై ఒకటో రోజున కాదనడం చాలా కష్టం. ఆ మొహమాటం మీదే వ్యాపారం నడుస్తుంది. దుకాణంలో అదే డబ్బా పెడితే వెనక్కి తిప్పి చదివి, ధర చూసి వెళ్లిపోయేవారు, మా దగ్గర మాత్రం చీటీ కూడా చూడకుండా డబ్బు చేతిలో పెట్టేవారు.

తూకంలోనూ ఒక కిటుకు ఉంది. నా సాయంత్రం క్లాసులో చేరినవారిని మొదటిసారి టీ, బజ్జీలు అయ్యాక తూచేదాన్ని, రెండోసారి "పొద్దున్నే పరగడుపున రండి" అనేదాన్ని. ఏ పొడీ అక్కర్లేకుండానే కిలో తేడా కనిపించేది. దానికి తోడు, అన్నం తగ్గించగానే కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర కరుగుతుంది, దాంతో పాటు దానికి మూడింతల నీరు పోతుంది. తొలి వారంలో రెండు కిలోలు తగ్గామని అందరూ చప్పట్లు కొట్టేది ఎక్కువగా ఆ నీటికే.

మీ మేనకోడలిని మరీ దుష్టురాలిగా చూడకండి. నాకు అమ్మకంలో పావు వంతు మిగిలేది. అయితే ఆ వాటా నిలబడాలంటే నెలనెలా ఇంత సరుకు నేనే కొనాలి. మా ఇంట్లో మంచం కింద లక్ష రూపాయల డబ్బాలు ఉండేవి, వాటి కోసం నగలు తాకట్టు పెట్టాను. ఆ అమ్మాయి కూడా అదే ఊబిలో ఉందేమో ముందు కనుక్కోండి.

తణుకు బాబాయ్ (జవాబు):

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి రెండో మాట కూడా ఉండాలని రాస్తున్నాను. మా ఇంటావిడ ఇలాంటి క్లాసులోనే చేరి ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గింది, ఆ పొడి తాగుతూనే తగ్గింది, ఈ రోజుకీ బాగానే ఉంది. బిర్యానీలు తిని ఒళ్లు పెంచుకున్నప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయరు గానీ, ఒక ఆడపిల్ల సొంత కాళ్ల మీద నిలబడితే మాత్రం చట్టాలు గుర్తొస్తాయి. డాక్టర్లు రాసే టానిక్కుల మీద కమీషన్లు లేవా?

పథ్యం గది (జవాబు):

బాబాయ్ గారూ, మీ ఇంటావిడ తగ్గడం సంతోషం. పూటకు మూడు నాలుగు వందల కేలరీలు తగ్గించి, రోజూ గంటసేపు కదిలితే పొడి తాగినా మజ్జిగ తాగినా బరువు తగ్గుతుంది. ఆవిడకు షుగరు లేదనుకుంటాను. నా అభ్యంతరం పొడి మీద కాదు, గ్లిమిపిరైడ్ వేసుకునే మనిషికి రాత్రి భోజనం మానమని చెప్పడం మీద, ఆమె కూలబడ్డాక కూడా ఆపవద్దనడం మీద. కమీషన్ తీసుకుని టానిక్కు రాసే వైద్యుడు కూడా తప్పు చేస్తున్నట్టే. ఆ తప్పు ఉన్నంత మాత్రాన ఇది ఒప్పు కాదు.

పాత తనిఖీదారు (జవాబు):

ఆహార తనిఖీ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. చట్టం వైపు నుంచి క్లుప్తంగా రాస్తాను.

ఇలాంటి పొడి అమ్మడం నేరం కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఇది ఆహారమే, ఔషధం కాదు. అందుకే డబ్బా మీద 14 అంకెల లైసెన్సు సంఖ్యతో పాటు, ఔషధంగా వాడడానికి కాదన్న మాట కూడా ఉండాలి. ముందు అది ఉందో లేదో చూడండి. ఆహార పదార్థం గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే అదే చట్టంలోని 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. మధుమేహాన్నీ స్థూలకాయాన్నీ నయం చేస్తుందని ప్రచారం చేస్తే వ్యవహారం 1954 నాటి మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం దాకా పోవచ్చు. ఆ చట్టం జాబితాలో ఆ రెండు జబ్బులూ పేరుపేరునా ఉన్నాయి. అయితే నోటిమాటగా అన్నది రుజువు చేయడం కష్టం. వాట్సాప్‌లో పంపిన సందేశాలు, చేతిరాత చీటీలు, డబ్బు చెల్లించిన రసీదులు జాగ్రత్త చేయండి.

దుకాణం లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మే పద్ధతికి 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష విక్రయాల నియమాలు మీ విషయానికి మరింత దగ్గరివి. వాటి ప్రకారం విక్రేత మాట మొదలుపెట్టేటప్పుడే, ఎవరూ అడగకుండానే, తానెవరో, ఏ సంస్థ తరఫున వచ్చారో, ఏమి అమ్మబోతున్నారో స్పష్టంగా చెప్పాలి. వ్యాయామం పేరుతో నెల రోజులు రప్పించుకుని ఆ తరువాత డబ్బా బయటికి తీయడం ఆ నియమానికి ఎంతవరకు సరిపోతుందో మీరే ఆలోచించండి. కింద మనుషులను చేర్పిస్తేనే డబ్బు వచ్చే పిరమిడ్ పద్ధతిని ఆ నియమాలు పూర్తిగా నిషేధించాయి. కొత్తగా చేరిన విక్రేతలు ఏ జరిమానా లేకుండా ఒప్పందం రద్దు చేసుకోవడానికి కొంత వ్యవధి కూడా ఉంటుంది. మీ మేనకోడలిని తన ఒప్పందం ఒకసారి పూర్తిగా చదవమనండి, సరుకు వెనక్కి తీసుకునే షరతు ఏముందో అందులోనే తెలుస్తుంది.

ఫిర్యాదుకు 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఉంది. భీమవరంలో జిల్లా ఆహార భద్రతా అధికారులకు లిఖితపూర్వకంగా కూడా ఇవ్వవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువ గల కేసుకు రుసుము ఉండదు. కానీ నా అనుభవంలో ఇలాంటి వాటిలో సగం, ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే తేలిపోయాయి.

కాలువగట్టు కోడలు (ప్రశ్నించినవారు):

అందరికీ నమస్కారాలు. మీరు చెప్పినట్టు డబ్బా వెనక్కి తిప్పి చదివాను. ఔషధంగా వాడడానికి కాదని అంత చిన్న అక్షరాల్లో ఉంది, అత్తయ్య గారి కళ్లజోడు తెచ్చి చదవవలసి వచ్చింది. ఒక స్కూపులో ప్రోటీన్ 9 గ్రాములు. గ్లాసుకు 110 రూపాయలు పడుతోంది. "రెండు గుడ్లకు తక్కువేనా" అని ఆవిడే లెక్కగట్టారు.

ఆదివారం మా మేనకోడలిని భోజనానికి పిలిచి, ఎవరూ లేనప్పుడు మాట్లాడాను. ఒకప్పటి కోచ్ గారు ఊహించినట్టే ఉంది. బంగారం తాకట్టులో ఉంది, పెట్టెలు విప్పని సరుకు ఇంట్లో ఉంది. మొదట కోపగించుకుంది, తరువాత ఏడ్చింది. గ్లిమిపిరైడ్ అన్న మాట తను ఎప్పుడూ వినలేదని చెప్పింది, నాకది అబద్ధమనిపించలేదు. విప్పని రెండు డబ్బాలు వెనక్కి తీసుకుంది. ఇకపై మందులు వాడేవారికి డాక్టరు చీటీ లేనిదే ఏదీ అమ్మనని ఒప్పుకుంది. ఒప్పందం కాగితం తెచ్చి ఇస్తే మా వారు చదువుతున్నారు.

అత్తయ్య గారు డాక్టరు గారిని అడిగి, ఇడ్లీ తిన్నాక వెళ్లేలా సాయంత్రం క్లాసుకు మారారు, కొంగున గ్లూకోజు పొట్లం కట్టుకుని వెళుతున్నారు. ఆ క్లాసులో షుగరు ఉన్నవారు ఇంకా ఇద్దరు రాత్రి పొడే తాగుతున్నారని తెలిసింది. వారిలో ఒకరి అబ్బాయి నరసాపురంలో ఉంటాడు, నిన్న ఫోను చేసి చెప్పాను. రెండో ఆవిడ ఇంటికి రేపు వెళతాను. ఫిర్యాదు రాసి ఉంచాను గానీ, ఆ పని అయ్యేదాకా పంపకుండా ఆగాను.