ఉద్యోగం పోయి ఐదు వారాలు, 80 మందికి మెసేజ్ పెట్టినా ఒక్క జవాబు లేదు. ఏం చేయాలి?

ఉప్పుగాలి: సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నా, ఇప్పుడు పదకొండు దాటింది. లింక్డ్‌ఇన్‌లో కనిపించిన మేనేజర్లందరికీ రిక్వెస్టులు పంపుతుంటే ఈ వారం లిమిట్ అయిపోయిందని వచ్చింది, నోట్ రాద్దామంటే అదీ అయిపోయిందట, ప్రీమియం తీసుకోమంటోంది. వాట్సాప్‌లో 80 మందికి పైగా పెట్టాను. చాలావాటికి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. రోజులు బాగోలేవని నాకూ తెలుసు. కానీ అందరూ నెట్‌వర్కింగ్ చెయ్యి, నెట్‌వర్కింగ్ చెయ్యి అంటారే, అది ఇలా కాకపోతే ఇంకెలా? ప్రీమియం కడితే పనవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

రుషికొండ_కోడ్: ప్రీమియం వద్దు. గిట్‌హబ్‌లో రెండు మంచి ప్రాజెక్టులు పెట్టి ఆ లింకు పంపండి. విశాఖలోనే కావాలంటే కష్టం, హైదరాబాద్, బెంగళూరు కూడా చూడండి.

గాజువాక77: ఏం పని? ఎన్నేళ్లు? అది చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

దొండపర్తి మాస్టారు: బాబూ, ముందు ఒక మాట వినండి. ఈ నెట్‌వర్కింగ్ అనే పేరుతోనే మా కింద వాటాలో కుర్రాణ్ణి ఒక హోటల్లో మీటింగుకి పిలిచారు. 18 వేలు కట్టించుకుని సబ్బులు, పొడులు అంటగట్టారు, ఇంకో ఆరుగుర్ని చేర్పిస్తేనే డబ్బు అన్నారు. ఆ డబ్బాలు ఇప్పటికీ వాళ్ల మంచం కిందే ఉన్నాయి. చైన్ పద్ధతిలో మనుషుల్ని చేర్పించడం, చేరడానికి రుసుము తీసుకోవడం 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం నిషేధం. ఉద్యోగం ఇప్పిస్తామని ఆన్‌లైన్‌లో డబ్బు లాగేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

గాజువాక77: ఆయన అడిగింది అది కాదు మాస్టారూ. నెట్‌వర్క్ మార్కెటింగ్ వేరు, నెట్‌వర్కింగ్ వేరు.

దొండపర్తి మాస్టారు: మీకు తెలుసు. ఉద్యోగం పోయి నిద్ర పట్టని మనిషికి ఆ సమయంలో ఆ తేడా కనబడదు, నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

తీరం_ఎంవీపీ: అసలు దీనికి మన దగ్గర ఎప్పటి నుంచో మాట ఉంది కదా, పైరవీ. ఇంగ్లీషు పేరు పెట్టగానే మంచి పని అయిపోదు.

పాత_క్యూసీ: పైరవీ అంటే అర్హత లేకపోయినా పని చేయించుకోవడం. మన పని తెలిసినవాళ్లు నలుగురికీ చెప్పడం పైరవీ ఎలా అవుతుంది? దాన్ని పరిచయం అంటారు.

తీరం_ఎంవీపీ: పరిచయం లేనివాడి సంగతేంటి మరి? వాడికీ అర్హత ఉంటుంది కదా.

ఉప్పుగాలి: సారీ, చెప్పడం మర్చిపోయాను. సాఫ్ట్‌వేర్ కాదండీ. రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో ల్యాబ్, తొమ్మిదేళ్లు. 2025 ఆగస్టు 27 నుంచి మన రొయ్యల మీద అమెరికా సుంకం 50 శాతం అయ్యాక ఆర్డర్లు పడిపోయాయి, షిఫ్టు ఎత్తేశారు.

పాత_క్యూసీ: తమ్ముడూ, ఇది మొదటే చెప్పాల్సింది. నేనూ ఆ లైన్లోంచే వచ్చాను, ఇప్పుడు పరవాడ ఫార్మాసిటీలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షలు. ల్యాబ్ అంటే ఏం చేసేవాడివి? అందరికీ పంపిన మెసేజ్ ఏంటో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు.

ఉప్పుగాలి: ముందు ఎలైసా కిట్లతో, నాలుగేళ్లుగా ఎల్‌సీ-ఎంఎస్ అనే మెషిన్ మీద, రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్‌ల అవశేషాలు (రెసిడ్యూలు) ఉన్నాయేమో చూసే టెస్టులు. మెసేజ్ ఇది: "నమస్తే సర్, ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి, రెజ్యూమె పంపిస్తాను." అందరికీ ఇదే ఫార్వర్డ్ చేశాను.

పాత_క్యూసీ: అదీ సంగతి. ఇది చదివినవాడికి నువ్వెవరో తెలీదు, ఏం చేస్తావో తెలీదు. ఇప్పుడు వాళ్ల చేతిలోనూ ఓపెనింగ్ లేదు, లేదని చెప్పడానికి మొహమాటం, అందుకే చూసి ఊరుకుంటారు. ఉద్యోగం అడక్కు, వాళ్లు చెప్పగలిగింది అడుగు. మేనేజర్లను వదిలేసి నీ ఫోన్లోనే వెతుకు. కిట్లు అమ్మడానికి వచ్చే కుర్రాళ్లు, మీ శాంపిల్స్ వెళ్లే బయటి ల్యాబ్ వాళ్లు, మెషిన్ సర్వీసుకి వచ్చే ఇంజినీరు. ఆ ఇంజినీరు ఈ చుట్టుపక్కల ల్యాబులన్నీ తిరుగుతాడు, ఎక్కడ మనిషి మానేశాడో హెచ్ఆర్ ప్రకటన వేసేలోపే అతనికి తెలుస్తుంది. నేను పరవాడలో పడింది అలాగే. మెషిన్‌లో కాలమ్ అనే భాగం మారుస్తూ మాటల్లో చెప్పాడు, నేను ఏమీ అడగలేదు కూడా. ఇలా రాయి: "సర్, మార్చిలో మీరు మెషిన్ సర్వీసుకి వచ్చినప్పుడు ల్యాబ్‌లో కలిశాం, రెసిడ్యూ టెస్టులు నేనే చేసేవాణ్ణి. ప్లాంట్‌లో షిఫ్టు ఎత్తేశారు. యూరప్‌కి వెళ్లే సరుకు శాంపిల్స్ టెస్టులు ఇప్పుడు ఎక్కువగా ఎక్కడ నడుస్తున్నాయో చెప్పగలరా? ఎప్పుడు ఫోన్ చేయమంటారు?" ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి, రోజుకి మూడు చాలు.

తీరం_ఎంవీపీ: పైరవీ మాట మీద నా అభిప్రాయం మారలేదు గానీ ఇది నిజమే. గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చయిన వ్యాసంలో రాసినట్టు, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి చూస్తే, చెప్పినవాళ్లలో తరచూ కలిసేవాళ్లు 17 శాతం లోపే. మిగతావాళ్లంతా అప్పుడప్పుడో, ఏడాదికోసారో కలిసేవాళ్లు. దగ్గరివాళ్లకు తెలిసిందంతా మనకీ తెలిసే ఉంటుంది కదా.

గాజువాక77: అది అమెరికా.

పాత_క్యూసీ: ఇంకోటి తమ్ముడూ. 2025 సెప్టెంబర్‌లో యూరప్ వాళ్లు మన దేశంలో కొత్తగా 102 సీఫుడ్ యూనిట్లకు అనుమతి ఇచ్చారు. వాళ్లు యాంటీబయాటిక్ రెసిడ్యూల దగ్గర చాలా గట్టి, నీ పని అదే. ఆ జాబితాలో మన జిల్లాలవి ఏవో చూసుకో. ఫార్మాకి వస్తానంటే మాత్రం మందుల ల్యాబుల్లో వాడే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద ఎంత పట్టుందో చెప్పు.

రుషికొండ_కోడ్: సాఫ్ట్‌వేర్‌లో ఇలా సర్వీస్ ఇంజినీర్లు ఉండరు కదా, మా లాంటివాళ్లు ఎవరిని అడగాలి?

ఉప్పుగాలి: రెండ్రోజులు ఇటు రాలేదు. కిట్లు అమ్మే అతను ఫోన్ ఎత్తాడు, అచ్యుతాపురం వైపు రెండు చోట్ల కనుక్కుని చెప్తానన్నాడు. ప్రీమియం తీసుకోలేదు. థాంక్స్ అన్నా.