ఇయోసినోఫిల్స్ దారి మూస్తే ఆస్తమా తగ్గుతుందా?

సూక్ష్మదర్శిని:
అలర్జీ ఆస్తమాలో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను తుడిచిపెట్టే ఖరీదైన ఇంజెక్షన్ల కంటే, వాటిని ఊపిరితిత్తుల్లోకి నడిపించే పీఐ3కే ఎంజైమ్‌లను అడ్డుకోవడమే మేలని నా వాదన. శ్వాసనాళపు గోడ నుంచి వెలువడే ఇయోటాక్సిన్ అనే సంకేత ప్రోటీన్ ఈ కణంపై ఉన్న సీసీఆర్3 గ్రాహకాన్ని తాకగానే, లోపల ఆ ఎంజైమ్‌లలో ఒక రకమైన పీఐ3కే-గామా మేల్కొని, కణపు పొరకు ఒక వైపున పిఐపి3 అనే కొవ్వు అణువును తయారుచేస్తుంది. అది ఎటు పోగైతే అటే కణానికి కదలికనిచ్చే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పేరుకుని, అంతవరకూ రక్తనాళపు గోడ వెంట దొర్లుతున్న కణం అక్కడ గట్టిగా అంటుకుని, సందులోంచి ఒళ్లు సాగదీసుకుంటూ బయటపడుతుంది. గామా లేని ఎలుకల్లోనూ, మరో పీఐ3కే రకమైన డెల్టా పనిచేయని ఎలుకల్లోనూ గుడ్డుసొన ప్రోటీనుతో అలర్జీ తెప్పించి చూస్తే, ఊపిరితిత్తులకు చేరే ఇయోసినోఫిల్స్ బాగా తగ్గాయి.

గోదారిగట్టు:
ఎలుకలకు ఆస్తమా దానంతటది రాదండీ. మనం కొన్ని వారాల్లో తెప్పించిన వాపును, మనుషులు ఏళ్ల తరబడి మోసే జబ్బుతో సమానం చేయలేం. పీల్చే డెల్టా నిరోధకమైన నెమిరలిసిబ్‌ను అదుపులో లేని ఆస్తమా ఉన్నవారికి ఇచ్చినప్పుడు కఫంలో అలర్జీ వాపును పెంచే సంకేత ప్రోటీన్లు ఐఎల్-5, ఐఎల్-13 తగ్గాయి గానీ, మొదటి సెకనులో బలంగా ఎంత గాలి ఊదగలరో చెప్పే ఎఫ్‌ఈవీ1 కొలత మాత్రం కదల్లేదు.

చిరుగాలి:
మింగే డెల్టా నిరోధకం ఐడెలాలిసిబ్ కాలేయాన్నీ పెద్దపేగునూ దెబ్బతీయగలదు. రక్త క్యాన్సర్‌కు ఆ ముప్పు భరిస్తారేమో గానీ తుమ్ములకు ఎవరు భరిస్తారు?

సూక్ష్మదర్శిని:
ఆ బెడద తగ్గించడానికే పీల్చే మందుగా తయారుచేశారు, చిరుగాలి గారూ. ఇక గోదారిగట్టు గారు ఎలుకలను పట్టుకుని వదలడం లేదు. కఫంలో ఐఎల్-5 తగ్గిందంటే ఎంజైమ్ ఆగిందనే అర్థం, కాబట్టి నా మూలవాదనకు మీరు చెప్పిన ఆధారమే చాలు.

గోదారిగట్టు:
ఎంజైమ్ ఆగితే రోగికి ఒరిగిందేమిటి? మా నాన్నగారికి ఒక ఆసుపత్రిలో రక్తంలో ఇయోసినోఫిల్స్‌ను లెక్కించే ఏఈసీ పరీక్ష మీద పరీక్ష చేయించి, కౌంటు పెరిగినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు రాసి, తగ్గగానే ఇస్నోఫీలియా నయమైందని పంపేసేవారు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతారని మేమెంత చెప్పినా, కాగితం మీది అంకెనే చూశారు తప్ప మనిషి వైపు తలెత్తి చూడలేదు. మీరు చేస్తున్నదీ అదే.

సూక్ష్మదర్శిని:
మీ ఇంటి బాధను నా మీదికి తోయకండి. స్లైడు మీద ఇయోసిన్ రంగు పట్టిన, ఈ కణంలోని ఎర్రటి రేణువులను రోజూ చూసేవాణ్ణి. ఆ కణం ఏం చేయగలదో నాకు తెలుసు. 2000లో, ఐఎల్-5ను అడ్డుకునే ఇంజెక్షన్ మెపోలిజుమాబ్ విషయంలోనూ ఇదే జరిగింది. రక్తంలో, కఫంలో ఇయోసినోఫిల్స్ పడిపోయినా, అలర్జీ కారకాన్ని పీల్పించాక గంటల తర్వాత వచ్చే బిగింపు తగ్గలేదని, ఈ కణానికీ ఆస్తమాకూ సంబంధమే లేదన్నవారున్నారు. 2009లో ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉన్న రోగులను ఏరి, ఎఫ్‌ఈవీ1కి బదులు ఉబ్బసం ముదిరే దాడులను లెక్కపెట్టేసరికి అదే మందు పనిచేసింది. 2015లో అమెరికాలో అనుమతీ వచ్చింది.

చిరుగాలి:
అంటే మీ ఇద్దరి తగువు ఎంజైమ్ గురించి కాదన్నమాట, మందు ఓడిందని దేన్ని చూసి తేల్చాలన్న దాని గురించి.

గోదారిగట్టు:
అవును, అదే నా అభ్యంతరం. మెపోలిజుమాబ్‌ను నిలబెట్టింది దాడులు తగ్గడం, అంటే రోగికి తెలిసే మార్పు. కణాల లెక్క రోగిని ఎంచుకోవడానికే పనికొచ్చింది. పీఐ3కే నిరోధకంతో ఆస్తమా దాడులు తగ్గాయని చూపించండి, ఒప్పుకుంటాను. కఫంలో అణువులు తగ్గాయన్నంత మాత్రాన ఒప్పుకోను.

సూక్ష్మదర్శిని:
దాడులు తగ్గాయో లేదో తెలియాలంటే సరైన రోగులతో ఏడాదిపాటు ప్రయోగం నడపాలి. ఎఫ్‌ఈవీ1 కదల్లేదని మొదటి మెట్టులోనే కొట్టిపారేస్తే, ఆ ప్రయోగానికి డబ్బు ఎవరు పెడతారో మీరే చెప్పండి.